ఉప్పు మోసేవాడు ఏ తలుపు తీశాడు?

"అతను తలుపు మీద చెయ్యి వేశాడు."

అంతటితో తెర నల్లబడిపోయింది.

తలకు పట్టీలు కట్టుకుని వరసగా కూచున్న నర్సులందరూ ఒక్కసారిగా ఉసూరుమన్నారు. ఒకమ్మాయి బల్ల మీద చరిచింది. ఇంకో అమ్మాయి, "ఇదేం అన్యాయమండీ, విస్తరి ముందు కూచోబెట్టి వడ్డించకుండా లేపేస్తారా!" అని అరిచింది. అద్దం గోడకు అవతల నిలబడ్డ డాక్టర్ శ్యామసుందరి మాత్రం సంబరంగా చేతులు రుద్దుకుంది. ఆమె ముందున్న మానిటర్ మీద అందరి మెదళ్ల తాలూకు గీతలూ ఒక్కసారే నిక్కబొడుచుకున్నాయి. ఆమెకు కావలసింది ఆ ఉసూరే. ఉసూరుమనని వాళ్లకు జపనీస్ రాదు.

ఇది విశాఖపట్నంలో, సముద్రం వైపు కిటికీలున్న ఒక శిక్షణ కేంద్రంలో జరిగింది. అప్పటికి జపాన్‌లో ముసలివాళ్లు పెరిగిపోయి, వాళ్లకు అన్నం తినిపించే చేతులు తరిగిపోయాయి. మన కోస్తా జిల్లాల నుంచి నర్సులు విమానాల నిండా వెళ్తున్నారు. చెవిలో పెట్టుకుంటే చాలు, ఏ భాషనైనా మార్చి వినిపించే యంత్రాలు బజారులో పల్లీల్లా దొరుకుతున్న రోజులవి. మరి భాష నేర్చుకోవడం ఎందుకూ అంటారా? అక్కడి వృద్ధాశ్రమాల వాళ్లూ మొదట్లో అలాగే అనుకున్నారు. కానీ ఒళ్లు తుడుస్తున్న పిల్ల పెదాలు ఒకటి పలుకుతూ, మాట ఇంకెక్కడినుంచో వస్తుంటే, మంచం పట్టిన ఆ ముసలి ప్రాణాలు బెదిరిపోయాయి. దయ్యం మాట్లాడుతోందని ఒకాయన మంచం దిగి పారిపోయాడట. దాంతో యంత్రాలు వద్దు, నోటితో మాట్లాడే మనుషులే కావాలన్నారు.

వరసలో చివరి కుర్చీలో ఉన్న పిల్ల పేరు కెజియ. చినగంజాం దగ్గర ఉప్పు మడుల్లో పనిచేసే కుటుంబం వాళ్లది. ఇంట్లో నర్సింగ్ చదివిన మొదటి మనిషి. కాళ్లు పగిలి, ఆ పగుళ్లలో ఉప్పు దిగి, వాళ్లమ్మ నడుస్తుంటే నేల మీద నిప్పులున్నాయేమో అనిపించేది. ఆ మడుల్లోకి మళ్లీ దిగకూడదన్నది కెజియ పట్టుదల. అందుకే ఈ భాష తనకు అబ్బుతుందో లేదో అని మొదటిరోజు గుండె అరచేతిలో పెట్టుకుని వచ్చింది.

ఆ రోజు శ్యామసుందరి ఆమెను అడిగిన ప్రశ్న వేరు.

"మీ ఇంట్లో కథలెవరు చెప్పేవాళ్లమ్మా?"

"మా నాయనమ్మండి."

"పూర్తిగా చెప్పేదా?"

"ఎక్కడండీ! సగంలోనే నిద్దరపోయేది. మమ్మల్ని నిద్దరపుచ్చటానికి మొదలుపెట్టి తనే గురక పెట్టేది."

"ఆ కథలు గుర్తున్నాయా?"

కెజియ ఆలోచించి, కాస్త ఆశ్చర్యంగా చెప్పింది. "పూర్తయినయ్యి గుర్తులేవండి. సగంలో ఆగినయ్యి మాత్రం ఒక్క ముక్క పోకుండా ఉన్నాయి."

"నా యంత్రం అంతే. పెద్ద విద్యేం లేదు ఇందులో," అంది శ్యామసుందరి నవ్వుతూ.

ఆ యంత్రం పేరు 'తరువాయి'. చూడ్డానికి క్రికెట్ ఆటగాళ్లు చెమట కోసం కట్టుకునే పట్టీలా ఉంటుంది. లోపలివైపు సన్నని సెన్సర్లు. కథ చదువుతున్న మనిషి మెదడులో 'తర్వాతేమైంది?' అన్న ఆరాటం పుట్టగానే పట్టీ పసిగడుతుంది. ఆ క్షణంలో మెదడు తలుపులు బార్లా తెరుచుకుని ఉంటాయట. పట్టీ చిన్న అయస్కాంత తరంగం పంపి, అప్పుడు కళ్ల ముందున్న కొత్త మాటను ఆ ఆరాటానికి ముడివేస్తుంది. ఆరాటం ఉన్నన్నాళ్లూ మాట ఉంటుంది. నోటితో ఊ కొట్టనక్కర్లేదు, మనసులో కొట్టిన ఊ కూడా పట్టీకి వినిపిస్తుంది.

చదవాల్సింది జపాన్ పిల్లలందరికీ తెలిసిన ఒక పాత జానపద కథ. మొదటిరోజు కథంతా తెలుగే. ఒక్క 'ఉప్పు' మాత్రం పోయి దాని స్థానంలో 'షియో' వచ్చింది. మర్నాడు 'మంచు' పోయి 'యుకి' వచ్చింది. 'నక్క' పోయి 'కిత్సునె' వచ్చింది. అదే కథ, మళ్లీ మళ్లీ. ప్రతిసారీ ఒక కొత్త సంగతి, ఒక కొత్త మలుపు చేరేది. తెలుగు మాటలు ఒక్కొక్కటే రాలిపోతూ, చివరికి ఒక ఉదయం తెర మీద ఒక్క తెలుగు ముక్క లేకపోయినా కెజియ చదువుకుంటూ వెళ్లిపోయింది. చదివాక గానీ ఆ సంగతి ఆమెకు తట్టలేదు.

కథ ఇదీ. సముద్రపు ఒడ్డున ఒక ఉప్పు మోసేవాడుండేవాడు. చలికాలం రాగానే వీపున ఉప్పు బస్తా కట్టుకుని, కొండ దాటి అవతలి ఊళ్లకు పోయేవాడు. కొండ మలుపులో ఏటా ఒక నక్క ఎదురై, "చిటికెడు ఉప్పు పెట్టవూ?" అని అడిగేది. అతను పెట్టేవాడు. ఒక ఏడాది మంచు తుఫాను పట్టుకుంది. దారి తప్పాడు. ఎక్కడో దీపం కనిపించింది. వెళ్తే గుడిసెలో ఒక ముసలమ్మ. పొయ్యి దగ్గర కూచోబెట్టి వేడి గంజి పోసింది. తెల్లవారాక ఇలా చెప్పింది: "నాయనా, ఈ ఇంటికి రెండు తలుపులు. వచ్చిన తలుపు తీస్తే నీ ఇంటికి పోతావు. రెండోది తీస్తే, నీకోసం ఎదురుచూస్తున్నవాళ్ల దగ్గరికి పోతావు. పోయాక మళ్లీ రాలేవు." అతను చాలాసేపు నిప్పుల వైపు చూస్తూ కూచున్నాడు. తర్వాత లేచాడు. తలుపు మీద చెయ్యి వేశాడు.

ఏ తలుపు? అదే చెప్పరు. అక్కడే ఉంది కిటుకంతా.

కెజియను జపాన్ ఉత్తరాన, చలికాలమంతా మంచు పడే ఒక చిన్న పట్టణంలో వృద్ధాశ్రమానికి పంపారు. అక్కడ ఆమె జపనీస్ విని అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆమె కూడా, ఇది నా నోరేనా అని మొదట్లో అద్దం ముందు నిలబడి మాట్లాడుకునేది.

అయితే ఒక చిక్కు వచ్చింది. కెజియతోపాటు వచ్చిన హైమ అనే అమ్మాయి ఒక సెలవురోజు పుస్తకాల దుకాణంలో పిల్లల బొమ్మల పుస్తకాలు తిరగేస్తుంటే, ఈ కథే కనిపించింది. ఎన్నాళ్లని ఉగ్గబట్టుకుంటుంది! ఆఖరి పేజీ చదివేసింది. హాయిగా ఊపిరి పీల్చుకుని ఇంటికొచ్చి పడుకుంది. ఆ వారంలో ఆమెకు 'షియో' అన్న మాట గుర్తు రాలేదు. తర్వాత మంచు పోయింది. తర్వాత నక్క. చొక్కా గుండీలు ఊడినట్టు మాటలు ఒక్కొక్కటే ఊడిపోతుంటే ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికి ప్రయాణమైంది. ఆరాటం తీరింది, దానికి వేసిన ముడులన్నీ విడిపోయాయి. పట్టీ మళ్లీ కట్టి చూశారు. తెలిసిపోయిన కథ మీద మెదడు ఊ కొట్టలేదు.

దాంతో కేంద్రం వాళ్లు ఒక నియమం పెట్టారు. తరువాయి పట్టీతో చదువుకున్నవాళ్లు ఆ కథ ముగింపు ఎప్పటికీ వినకూడదు. కానీ వాళ్లున్నది ఆ కథ పుట్టిన దేశంలో! చంటిపిల్లాణ్ని అడిగినా చెప్తాడు. అందుకని నర్సుల జేబు మీద ఒక బ్యాడ్జి పెట్టారు: 'దయచేసి ఉప్పు మోసేవాడి కథ ముగింపు నాకు చెప్పకండి.' ఆ పట్టణం వాళ్లు మర్యాదస్తులు. బడి గోడ మీద ఆ కథ బొమ్మలుంటే ఆఖరి బొమ్మకు గుడ్డ కప్పారు. బస్సులో కెజియను చూడగానే పిల్లలు రెండు చేతులతో నోళ్లు మూసుకుని కళ్లతో నవ్వేవాళ్లు. ఒక ఊరు ఊరంతా కలిసి తన నోటి మాటను కాపాడుతుంటే కెజియకు నవ్వొచ్చేది, వంగి వాళ్లకు దణ్ణం పెట్టేది.

ఆశ్రమంలో కిటికీ పక్క గదిలో ఫుమిసాన్ ఉండేది; 'సాన్' అంటే మన 'గారు' లాంటిది. తొంభై దాటిన మనిషి. బడి వంటశాలలో జీవితమంతా పిల్లలకు వండిపెట్టింది. పెళ్లి చేసుకోలేదు. ఆమె పుట్టిన ఊరు కొండల్లో ఉండేది, ఇప్పుడు ఆనకట్ట నీళ్ల కింద ఉంది. ఆ ఊరివాళ్లలో మిగిలింది తనొక్కతే. చూపు బాగా మందగించింది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు, గంజి తాగి గోడవైపు తిరిగి పడుకునేది.

ఒకరోజు కెజియ ఆమె జుట్టు దువ్వుతుంటే, ఫుమిసాన్ తనలో తాను ఏదో గొణుక్కుంటోంది. చిన్నప్పుడు ఎలుగుబంటి వాళ్ల ముల్లంగి దొడ్లో దూరిన సంగతి. కెజియ దువ్వుతూ అలవాటు కొద్దీ "ఊ" అంది. ఫుమిసాన్ ఆగింది. ఇంకో ముక్క చెప్పింది. "ఊ" అంది కెజియ. ముసలామె మెల్లగా తల తిప్పి, కనిపించని కళ్లతో ఆమె మొహం వెతికింది.

"నీకెవరు నేర్పారమ్మాయ్, ఇలా బదులు పలకడం?"

"ఎవరూ నేర్పలేదు బామ్మగారూ. మా ఊళ్లో కథ చెప్తుంటే ఇలాగే అంటాం. ఊ కొట్టకపోతే మా నాయనమ్మ చెప్పేది కాదు."

"మా కొండల్లోనూ అంతే," అంది ఫుమిసాన్. "వినేవాళ్లు పలకాలి. పలక్కపోతే కథ ఆపెయ్యాలి. నిద్రపోయినవాళ్లకీ, చచ్చిపోయినవాళ్లకీ కథ చెప్పకూడదంటారు. మా ఊరు మునిగిపోయాక నాకిలా పలికినవాళ్లు లేరు."

అదిగో, ఆనాటినుంచి ముసలామె నోరు తెరుచుకుంది. మధ్యాహ్నం గంజి తాగాక కెజియ చెయ్యి పట్టుకుని కూచోబెట్టేది. దయ్యాల కథలు, దొంగ సన్యాసుల కథలు, కోడళ్లు అత్తల్ని ఏడిపించిన కథలు. కెజియ ఊ కొట్టేది. పట్టీలు, తరంగాలు ఏమీ లేకుండానే ఆమెకు ఆ కొండల యాస కూడా అబ్బింది. మిగతా నర్సులు, "ఏంటమ్మే, నీకిక్కడ కూడా నాయనమ్మ దొరికిందే!" అని ఆటపట్టించేవాళ్లు. కెజియ కాదనేది కాదు.

ఒక మధ్యాహ్నం ఫుమిసాన్ మొదలుపెట్టింది. "చలికాలం వచ్చింది. మా ఊళ్లో ఉప్పు అయిపోయింది. ముల్లంగి ఊరబెట్టడానికి చిటికెడు ఉప్పు లేదు. పిల్లలందరూ కొండ దారి వైపు చూస్తూ కూచున్నారు, ఉప్పు మోసేవాడు ఎప్పుడొస్తాడా అని."

కెజియ ఒళ్లు జల్లుమంది. కథ అదే. కానీ తను చదివిన చోట మొదలుకాలేదు. తను చదివింది సముద్రం వైపు కథ, ఉప్పు మోసేవాడు బయలుదేరిన చోటు నుంచి. ఇది కొండ వైపు కథ, అతనికోసం చూసేవాళ్ల నుంచి. ఇందులో నక్క మాట్లాడదు, దారిలో ఊరికే కూచుని చూస్తుంది. గుడిసెలో ముసలమ్మ జుట్టు మీద మంచు ఉంటుంది, పొయ్యి పక్కన ఎంతసేపు కూచున్నా అది కరగదు. ఉప్పు మోసేవాడు నడుస్తూ పాడుకునే పాట ఒకటుంది, దాన్ని ఫుమిసాన్ వణికే గొంతుతో పాడింది కూడా. కెజియ భయం మరిచిపోయి ఊ కొడుతూ వింది. కథ రెండు తలుపుల దగ్గరికి వచ్చింది. 'అతను లేచాడు. తలుపు మీద చెయ్యి వేశాడు.'

"బామ్మగారూ! మందు వేసుకునే వేళయింది," అని కెజియ గబాల్న లేచి నిలబడింది.

ఆ రోజే బ్యాడ్జి సంగతి ఆమెకు విడమరిచి చెప్పింది. ఫుమిసాన్ పళ్లులేని నోటితో పడీపడీ నవ్వింది.

"వాళ్లు వద్దన్నది పుస్తకాల్లో ముగింపు కదే పిచ్చిపిల్లా! నాకు తెలుసు అది, బళ్లో పిల్లలు చదువుతుంటే విన్నాను. మా ఊరిది అది కాదు. అసలు అలా అవనే అవదు. మా అమ్మ చెప్పింది వేరు. అది నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు ఇప్పుడు. నీకు చెప్పి పోతాను."

కెజియ మనసు రెండు ముక్కలైంది. వేరే ముగింపైతే ఏమవుతుంది? ఏమీ కాదేమో. ఏమో, అయితే! ఉన్నవి రెండే తలుపులు, ఏదో ఒకటి తెరుచుకుంటే ఆరాటం తీరినట్టే కదా? హైమ ఏడుస్తూ సూట్‌కేసు సర్దుకున్న రోజు కళ్ల ముందు మెదిలింది. ఆ వెనకే తెల్లటి ఉప్పు మడి, అందులో అమ్మ కాళ్లు. కేంద్రానికి మెసేజ్ పెట్టింది. శ్యామసుందరి వెంటనే బదులిచ్చింది: "వద్దమ్మా. ఏ ముగింపూ వినొద్దు. హైమ సంగతి చూశావుగా."

అప్పటినుంచి అదొక ఆటయింది. ఫుమిసాన్ ఆ కథ ఎత్తుకునేది. తలుపు దాకా రాగానే కెజియకు ఏదో పని గుర్తొచ్చేది. ఒకరోజు మందు, ఒకరోజు టీ, ఒకరోజు పక్క గదిలో ఎవరో పిలిచారని. ముసలామె నవ్వి, "సరే, రేపు," అనేది. రేపంటే రేపేనని ఇద్దరూ అనుకున్నారు. తొంభై ఏళ్ల మనిషి రేపుకు భరోసా ఏమిటని కెజియ ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నర్సు అయ్యుండి, రోజూ ఆమె నాడి తనే చూస్తూ కూడా.

మంచు పెద్దగా పడుతున్న ఒక మధ్యాహ్నం ఫుమిసాన్ గంజి ముట్టుకోలేదు. మందుల పళ్లెం అవతల పెట్టమంది. కెజియ చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో బలం ఎక్కడిదో గానీ విడిపించుకోవడం కుదరలేదు.

"ఈవేళ అంతా చెప్తాను. లేవకు."

చెప్పింది. ఉప్పు అయిపోయిన ఊరు, దారి చూసే పిల్లలు, నక్క, పాట, మంచు కరగని జుట్టు. ఒక్క ముక్క తడబడలేదు. కెజియ ప్రతి మాటకూ ఊ కొట్టింది.

"అతను లేచాడు," అంది ఫుమిసాన్.

"ఊ."

"తలుపు మీద చెయ్యి వేశాడు."

అక్కడ ఆగింది. ఊ కోసం ఆగింది.

కెజియ నోరు తెరవలేదు. పారిపోలేక, వినలేక, పెదాలు బిగబట్టుకుని కూచుంది. ముసలామె మొహం ఆమె వైపే తిరిగి ఉంది. ఆ మొహంలో కోపం లేదు. గుమ్మంలో నిలబడి తలుపు తట్టి, లోపలినుంచి ఎవరైనా పలుకుతారేమోనని చూసే మనిషి మొహంలా ఉంది. అలా ఎంతసేపు చూసిందో! ఒక్క అక్షరం. నోరు తెరవనక్కర్లేకుండా గొంతులోంచి వచ్చే చప్పుడు. అది కూడా కెజియ ఇవ్వలేకపోయింది.

"నిద్రొస్తోందా తల్లీ?" అంది చివరికి ఫుమిసాన్. "పడుకో మరి. నిద్రపోయినవాళ్లకు చెప్పకూడదు."

చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగింది.

మర్నాడు పొద్దున కెజియ వేడినీళ్ల గిన్నె, తువ్వాలు పట్టుకుని వెళ్లేసరికి, ముసలామె అలాగే గోడవైపు తిరిగి ఉంది. ఒళ్లు చల్లబడి చాలాసేపయింది. కెజియ ఆ గిన్నె కింద పెట్టి, మంచం అంచున కూచుని, "ఊ" అంది. మళ్లీ అంది. నడవాలో వాళ్లకు వినిపించేంత గట్టిగా అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

ఉద్యోగానికేం లోటు రాలేదు. భాష రాయిలా ఉంది. ఇంకా చాలాకాలం అక్కడే పనిచేసింది. కానీ తర్వాత ఏ ముసలివాళ్లు కబుర్లు చెప్పబోయినా, పని ఉందని లేచి వెళ్లిపోయేది. మధ్యాహ్నం పూట ఆ కిటికీ గది ముందునుంచి నడవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేది.

అలా ఉండగా కేంద్రం నుంచి పిలుపు వచ్చింది. శ్యామసుందరి కొత్త పట్టీ కనిపెట్టింది. దీన్ని కట్టుకుంటే భాష తాలూకు ముడులు ఆరాటం మీద నుంచి లేచి, మామూలు జ్ఞాపకంలోకి వెళ్లి స్థిరపడతాయి. ఇక ముగింపు విన్నా ప్రమాదం లేదు. మొదటి జట్టు వాళ్లకు ముందుగా కడతామన్నారు. కెజియ విశాఖపట్నం వచ్చింది.

అదే హాలు, అదే తెర. పట్టీ పని పూర్తయ్యాక శ్యామసుందరి ఆమె పక్కనే కూచుని, పెళ్లికూతురి చేతికి తాంబూలం ఇచ్చినట్టు ఎంతో మురిపెంగా ఆఖరి పేజీ తెరిచి పెట్టింది.

ఉప్పు మోసేవాడు వచ్చిన తలుపే తీశాడు. క్షేమంగా ఇల్లు చేరాడు. బస్తా విప్పి చూస్తే ఉప్పు తరగలేదు. ఎంత తీసినా తరగలేదు. ఆ ముసలమ్మ ఎవరో కాదు, ఏటా అతని చేతి ఉప్పు తిన్న నక్క. అతను పిల్లాపాపలతో సుఖంగా బతికాడు.

"ఇంతేనాండీ?" అంది కెజియ.

"ఇంతేనమ్మా. కథలన్నీ అంతేగా. ఏం, బాలేదా?"

పుస్తకాల్లోది వేరు, అసలు అలా అవనే అవదు అన్న ఫుమిసాన్ మాట కెజియ చెవుల్లో మోగింది.

"మేడమ్, ఒక్కమాట అడుగుతాను. నేను అప్పుడు మెసేజ్ పెట్టాను గదా, ఆ పెద్దావిడ ముగింపు గురించి. అది ఇది కాదు. ఆరోజు నేను అది విని ఉంటే నా జపనీస్ పోయేదా?"

శ్యామసుందరి శాస్త్రవేత్త. అబద్ధం చెప్పే అలవాటు లేదు. ఆలోచించి చెప్పింది.

"పోయేది కాదు. ముడి వేసింది మేము చదివించిన కథకి. ఆవిడది ఇంకో కథ కింద లెక్క. పైగా రెండు ముగింపులుంటాయని తెలిస్తే, నిజమేదా అని మెదడు ఇంకా కొట్టుకుంటుంది. ముడి ఇంకాస్త బిగుసుకునేది. ఇప్పుడు ప్రయోగాల్లో తేలింది ఆ సంగతి. అప్పుడు నాకూ తెలియదు. తెలియనప్పుడు వద్దనడమే మంచిదని వద్దన్నాను."

కెజియ తల వంచుకుంది. శ్యామసుందరి ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఆవిడెవరు, ఏం చెప్పింది అని అడిగింది. కెజియ మొదటిసారి ఎవరికైనా అంతా చెప్పింది. దారి చూసే పిల్లల్ని చెప్పింది, పాట పాడి వినిపించింది, మంచు కరగని జుట్టు సంగతి చెప్పింది. తను బిగబట్టుకున్న ఊ గురించి చెప్తూ వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఎదురుచూసేవాళ్లు వాళ్లే గదండీ. ఉప్పు కోసం చూసే ఆ ఊరివాళ్లే. అందుకని రెండో తలుపు తీశాడేమో అనుకుంటాను నేను. కానీ నేననుకుంటే ఏం లాభం? ఆవిడ చెప్పాలి. నేను మాత్రం వచ్చిన తలుపులోంచే బయటపడ్డాను."

శ్యామసుందరి కళ్లు కూడా చెమర్చాయి. అది నిజమే. కానీ ఆ తడిలోనే ఒక మెరుపు మెరిసింది, అదీ నిజమే. ఆవిడను తప్పుపట్టడానికి లేదు, ఆవిడ పుట్టుకే అలాంటిది.

"కెజియా, ఆ ముగింపు ఇంకెవరికీ తెలియదా?"

"ఎవరికీ తెలియదండి."

"ఎక్కడా రాసి లేదా?"

"ఊరే లేదండి."

శ్యామసుందరి లేచి కిటికీ దాకా వెళ్లి మళ్లీ వచ్చింది. ఏళ్ల తరబడి ఆమెను వేధించిన సమస్య అదే. ఎంత దాచినా ముగింపు బయటపడిపోతోంది. భాష ఏళ్ల తరబడి వాడుకలో ఉంటే గానీ కొత్త పట్టీ దాన్ని స్థిరపరచలేదు, ఈలోగా ఎంతమంది హైమలు! ముగింపు ఈ భూమ్మీద ఎవరికీ తెలియని కథ ఒక్కటి దొరికితే చాలు, బ్యాడ్జీలక్కర్లేదు, గుడ్డలు కప్పక్కర్లేదు, నేర్చుకున్న మాట చచ్చేదాకా పోదు. అలాంటి కథ కోసం ఆమె ప్రపంచమంతా వెతికింది. కల్పించి రాయించి చూసింది. అప్పటికప్పుడు అల్లిన కథని మెదడు ఎలాగో పసిగట్టి ఆరాటం పలచబడేది. ఇప్పుడు అది ఏడుస్తూ ఎదురుగా కూచుని ఉంది.

"నువ్వు చెప్పు ఆ కథ," అంది మెల్లగా. "ఆవిడ మాటల్లో, ఆవిడ యాసలో. తలుపు దాకా. అంతవరకైనా బతుకుతుంది కదా."

కెజియ వెంటనే ఒప్పుకోలేదు. కానీ ఆ ఆఖరి మాట ఆమెను వదల్లేదు. పాట పోకుండా ఉంటుంది. కొండ దారి వైపు చూసే పిల్లలు పోకుండా ఉంటారు. చివరికి సరేనంది.

ఇప్పుడు ఆ కేంద్రంలో జపనీస్ నేర్పేది ఫుమిసాన్ కథే. బొంబాయిలో, మనీలాలో కూడా దాంతోనే నేర్పుతున్నారు. నేర్చుకున్నవాళ్లు ఒక్కరు కూడా ఒక్క మాట మరిచిపోలేదు. శ్యామసుందరికి బహుమతులు వచ్చాయి. సభల్లో ఆవిడ, ఇదంతా కెజియ పుణ్యమే అని చెప్తుంది. అలా చెప్పినప్పుడల్లా జనం చప్పట్లు కొడతారు, కెజియ నేల చూపులు చూస్తుంది.

తెర మీద చదివించడం కంటే కెజియ నోటితో చెబితేనే పట్టీలు బాగా పనిచేస్తున్నాయని తేలింది. అందుకని ఆమె ఉద్యోగం మారింది. సముద్రం వైపు కిటికీల హాల్లో, మధ్యాహ్నం పూట, కొత్తగా చేరిన పిల్లల ముందు కుర్చీలో కూచుంటుంది.

మొన్న కూడా అలాగే కూచుంది. ఉప్పు అయిపోయిన ఊరు చెప్పింది. పాట పాడింది. పిల్లలు పట్టీలు కట్టుకుని, గడ్డాల కింద చేతులు పెట్టుకుని వింటున్నారు.

"అతను లేచాడు. తలుపు మీద చెయ్యి వేశాడు," అని ఆపింది.

హాలంతా ఉసూరుమంది. ముందు వరసలో ఒంగోలు పిల్ల ఉండబట్టలేక లేచింది.

"మేడమ్, మీకు తెలుసు గదా! మేం ఎవురికీ చెప్పంలే. ఏ తలుపు తీశాడు?"

"నాకు తెలియదమ్మా."

"అట్టా అనాలని రూలా మేడమ్?"

"రూలు కాదు. నిజంగా తెలియదు."

అందరూ నవ్వేశారు. ఎంత బాగా నటిస్తుందో చూడండే అని ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. పద్ధతి అంటే ఇలా ఉండాలి, టీచరు కూడా బయటపడకూడదు అంది ఇంకో అమ్మాయి.

కెజియ కూడా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. ఏదో చెప్పాలని నోరు తెరిచి ఆగింది. ఆ ఆగడం చూసి, ఇక ముగింపు చెప్పబోతోంది కాబోలనుకున్నారు పిల్లలు. నవ్వులాపి కుర్చీల్లో ముందుకు జరిగారు. కళ్లన్నీ ఆమె మొహం మీదే పెట్టి, ఎవరూ చెప్పకుండానే, అందరూ కలిసి "ఊ" అన్నారు.